ఉక్కు వెనక లెక్క

కొలిమిలో మంట కనిపిస్తుంది, రేవులో క్రేను కనిపిస్తుంది. వాటిని నడిపించే లెక్క మాత్రం కనిపించదు. ఇనుప యంత్రానికి ప్రోగ్రాం మాట ఎలా వినిపిస్తుంది? వినిపించకపోతే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ విశాఖపట్నంలో జవాబులున్నాయి.

స్లాబు వేయడానికి తెచ్చిన రాడ్డును మేస్త్రి ముందు వంచి చూస్తాడు. మంచి టీఎంటీ రాడ్డు వంగుతుంది గానీ విరగదు. పైచర్మం గట్టిగా, లోపలి గుజ్జు కాస్త మెత్తగా ఉండటమే దానికి కారణం. ఒకే ముక్కలో ఈ రెండు గుణాలూ ఎలా వచ్చాయి? మిల్లులోంచి ఎర్రగా కాలుతూ దూసుకొచ్చే రాడ్డును నీళ్లు చిమ్మే గొట్టాల గుండా పంపుతారు. పైచర్మం ఒక్కసారిగా చల్లబడి బిగుసుకుంటుంది. లోపల మిగిలిన వేడి నెమ్మదిగా బయటికి పాకి, ఆ చర్మంలోని పెళుసుతనాన్ని తీసేస్తుంది. దీన్నే టెంప్‌కోర్ పద్ధతి అంటారు. విశాఖ ఉక్కు కర్మాగారంలోని లైట్ అండ్ మీడియం మర్చంట్ మిల్లులో వాడేది ఇదే.

చెప్పడానికి తేలికే. కానీ రాడ్డు నీళ్లలో ఉండేది ఒకటి రెండు సెకన్లు. ఆ కాస్త సమయంలో నీళ్లు ఎక్కువైతే రాడ్డు పెళుసైపోతుంది, తక్కువైతే బలం చాలదు. రాడ్డు ఏ సైజుది, ఎంత వేగంగా వస్తోంది, ఎంత వేడిగా ఉంది అన్న మూడు సంగతులూ ఎప్పటికప్పుడు తెలియాలి. దాన్నిబట్టి నీళ్ల వాల్వు తిరగాలి. మనిషి కన్ను, చెయ్యి అందుకోలేని వేగమిది. అందుకే ఆ పని కంప్యూటర్‌కు అప్పగించారు. అయితే కంప్యూటర్‌లో ఉన్నది అంకెలు. వాల్వు ఇనుప ముక్క. అంకె ఇనుమును ఎలా తిప్పుతుంది?

రెండూ కలిసే చోటు

చేతికి తగిలేదంతా హార్డ్‌వేర్, దానికిచ్చే ఆజ్ఞల వరస సాఫ్ట్‌వేర్ అని బడి పిల్లలు కూడా చెబుతారు. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో మాత్రం పుస్తకాల్లో అంతగా కనిపించదు. నిజానికి అదంత చిక్కు సంగతేమీ కాదు.

కంప్యూటర్ మెమొరీ అంటే నంబర్లు వేసిన గళ్ల వరస. పోస్టాఫీసులో గోడకు బిగించిన పోస్టు బాక్సుల్లాంటిదే. ప్రతి గడికీ ఓ అడ్రసు ఉంటుంది. చాలా గళ్లలో అంకెలు ఊరికే నిలవుంటాయి. కొన్ని గళ్లకు మాత్రం వెనక వైపు తీగ కలిపి ఉంటుంది. ఆ గడిలో ప్రోగ్రాం 1 అని రాసిందంటే తీగలో కరెంటు పారుతుంది. 0 అని రాస్తే ఆగిపోతుంది. ఆ చిన్న కరెంటు ఓ రిలేను కదిలిస్తుంది. రిలే కాంటాక్టరును లాగుతుంది. కాంటాక్టరు మూసుకోగానే మోటారుకు 415 వోల్టులు అందుతాయి. టన్నుల బరువు లేస్తుంది. రాత చేతగా మారే చోటు ఆ ఒక్క గడే.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. బయట ఓ స్విచ్ మూసుకుంటే తీగ వెంట వచ్చిన కరెంటు మరో గడిలో 1గా నమోదవుతుంది. ప్రోగ్రాం ఆ గడిని చదివి ‘ఓహో, గేటు మూసుకుంది’ అనుకుంటుంది. అంతకుమించి గేటు గురించి దానికేమీ తెలియదు. గేటును అది ఎన్నడూ చూడలేదు. దానికి తెలిసిందల్లా గడిలో ఉన్న అంకె ఒక్కటే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ముందు ముందు పని పడుతుంది.

ఇంట్లో కంప్యూటర్‌లో కూడా జరిగేది ఇదే. కాకపోతే మధ్యవర్తులు ఎక్కువ. ప్రింట్ నొక్కగానే ఉత్తరం రాసే ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతుంది. అది డ్రైవర్‌కు చెబుతుంది. ఆ కంపెనీ ప్రింటర్ భాష తెలిసిన దుబాసీ డ్రైవరు. ప్రింటర్ లోపల చిప్‌లోనే ముద్రించి పెట్టిన ఇంకో చిన్న ప్రోగ్రాం ఆ మాట విని మోటారును తిప్పుతుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా కాగితం బయటికి రాదు. కొత్త ప్రింటర్ కొన్నప్పుడు డ్రైవర్ వెతుక్కోవాల్సి రావడానికి కారణం అదే.

నిచ్చెన మీద ప్రోగ్రాం

ఇంట్లో కంప్యూటర్ కాసేపు నిలిచిపోతే విసుక్కుని మళ్లీ ఆన్ చేస్తారు. ఫ్యాక్టరీలో ఆ వీలు లేదు. అందుకని అక్కడి కంప్యూటర్ వేరు. దాని పేరు పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. అంతకుముందు ఫ్యాక్టరీల్లో వందల కొద్దీ రిలేలు బిగించిన పెద్ద పెద్ద బీరువాలుండేవి. తయారుచేసే వస్తువు మారిందంటే బీరువాలోని తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాల్సిందే. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ ఈ బాధ పడలేక దారి చూపమంది. 1968లో డిక్ మోర్లీ అనే ఇంజినీరు తన బృందంతో కలిసి తీగల బదులు ప్రోగ్రాం మార్చుకుంటే సరిపోయే పెట్టెకు రూపమిచ్చాడు. దాని పేరు మోడికాన్ 084.

అందులో ఓ తెలివి ఉంది. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్లకు కంప్యూటర్ భాష రాదు, సర్క్యూట్ బొమ్మ మాత్రం బాగా తెలుసు. అందుకని ప్రోగ్రామును కూడా నిచ్చెన మెట్లలాంటి సర్క్యూట్ బొమ్మగానే గీసే ఏర్పాటు చేశారు. దాన్ని ల్యాడర్ లాజిక్ అంటారు. ఇప్పటికీ ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు నేర్చుకునేది అదే నిచ్చెన.

పీఎల్‌సీ చేసే పని చాలా సాదా. అన్ని ఇన్‌పుట్ గళ్లనూ చదువుతుంది. నిచ్చెన పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా లెక్క చూస్తుంది. అవుట్‌పుట్ గళ్లలో జవాబులు రాస్తుంది. మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో చుట్టుకు పట్టేది కొన్ని మిల్లీసెకన్లు. పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి అదే తిరుగుడు.

మరి ప్రోగ్రామే ఎక్కడో చిక్కుకుపోతే? దానికీ ఓ కాపలా ఉంది. పేరు వాచ్‌డాగ్. ఇది ప్రోగ్రాం కాదు, హార్డ్‌వేర్‌లోనే ఉండే చిన్న గడియారం. ప్రోగ్రాం ప్రతి చుట్టులోనూ దాన్ని తట్టి ‘నేను మెలకువగానే ఉన్నాను’ అని చెప్పాలి. అనుకున్న సమయంలోపు ఆ తట్టు రాకపోతే కాపలా గడియారం ప్రోగ్రాం అనుమతి అడగదు. యంత్రాన్ని క్షేమమైన స్థితిలో ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్‌ను నడిపిస్తుందని అందరూ అంటారు. సాఫ్ట్‌వేర్‌ను హార్డ్‌వేర్ కాపాడే చోటు ఇది.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ

విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లున్నాయి. 1990లో మొదలైనది గోదావరి. 1992లో కృష్ణ వచ్చింది. 2012లో అన్నపూర్ణ తోడైంది. వీటి లోపలి నుంచి వచ్చే కరిగిన ఇనుము వేడి 1500 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. లోపలికి తొంగిచూసే వీలు ఎవరికీ లేదు. ఫర్నేసు ఒంట్లో ఎలా ఉందో తెలుసుకోవాలంటే గోడల్లో పాతిన సెన్సర్లే దిక్కు.

వేడిని కొలిచే థర్మోకపుల్ చూడటానికి రెండు తీగల ముడి. రెండు వేర్వేరు లోహాల తీగలను ముడేసి ఆ ముడిని వేడి చేస్తే సన్నపాటి వోల్టేజి పుడుతుందని జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ ప్రయోగాలతో 1821లోనే బయటపడింది. బాగా వాడుకలో ఉన్న ‘కె’ రకం థర్మోకపుల్ వెయ్యి డిగ్రీల దగ్గర ఇచ్చేది సుమారు 41 మిల్లీవోల్టులు. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే 1500 మిల్లీవోల్టుల్లో ఇది ముప్పయ్యో వంతు కంటే తక్కువ. అంత చిన్న గుసగుసను మోటార్లు, క్రేన్ల హోరు మధ్య వందల మీటర్ల దూరంలోని కంట్రోల్ రూముకు చేర్చాలి.

అందుకని సెన్సర్ పక్కనే ట్రాన్స్‌మిటర్ పెడతారు. అది ఆ వోల్టేజిని 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటుగా మార్చి పంపుతుంది. కొలత పరిధిలో అట్టడుగుకు 4, గరిష్ఠానికి 20. అట్టడుగు అన్నప్పుడు 0 పంపొచ్చు కదా, 4 ఎందుకు? అక్కడే ఉంది కిటుకు. 0 పంపితే ‘వేడి తక్కువగా ఉంది’ అనడానికీ ‘తీగ తెగిపోయింది’ అనడానికీ తేడా తెలియదు. 4తో మొదలుపెడితే 0 వచ్చిందంటే తీగ తెగిందనే అర్థం. ప్రోగ్రాం వెంటనే గంట కొడుతుంది. మౌనాన్నీ ‘ఏమీ లేదు’ అనే మాటనూ వేరు చేసి చూపడం ఇందులోని తెలివి.

అక్కడి నుంచి ఆ కరెంటును అంకెగా మార్చే చిప్ ఉంటుంది. 12 బిట్‌ల చిప్ అయితే మొత్తం పరిధిని 4096 మెట్లుగా విడగొడుతుంది. ఆ అంకె వెళ్లి మెమొరీ గడిలో కూర్చుంటుంది. కంట్రోల్ రూములో కూర్చున్న ఉద్యోగికి తెర మీద కనిపించేది అదే. మంట ముడిని తాకిన దగ్గర్నుంచి తెర మీద అంకె మారే దాకా ఎన్నో చేతులు మారాయి. ఒక్క చెయ్యి తడబడినా తెర మీది అంకె మారిపోతుంది, కొలిమిలో మంట మాత్రం మారదు.

రేవులో నాలుగు తాళాలు

1933లో మొదలైన విశాఖ రేవులో ఒకప్పుడు బస్తాలూ గంపలూ వీపుల మీద ఎక్కేవి, దిగేవి. 2003లో కంటైనర్ టెర్మినల్ పని మొదలుపెట్టింది. కంటైనరును ఎత్తే క్రేను కింద స్ప్రెడర్ అనే చట్రం ఉంటుంది. దాని నాలుగు మూలల్లో నాలుగు తాళాలు. అవి కంటైనరు మూలల్లోని రంధ్రాల్లోకి దిగి, మెలి తిరిగి బిగుసుకోవాలి. మూడు బిగుసుకుని ఒకటి జారితే ముప్పై టన్నుల పెట్టె గాల్లో పక్కకు ఒరుగుతుంది. కింద మనుషులుంటారు.

అందుకని ప్రతి తాళానికీ ఓ స్విచ్ ఉంటుంది. నాలుగూ ‘బిగుసుకున్నాను’ అంటేనే ఎత్తే మోటారుకు అనుమతి. డ్రైవరు ఎంత తొందరపడి లివర్ లాగినా క్రేను కదలదు. ఇక్కడ ప్రోగ్రాం రాసిన మనిషి చేసిన ముఖ్యమైన పని ఒకటుంది. ‘తాళాలకు బిగుసుకోమని చెప్పాను’ అన్నదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ‘బిగుసుకున్నాయి’ అని తాళాలే చెప్పాలన్నాడు. చెప్పడం వేరు, జరగడం వేరు.

ఈ తేడా తెలియక 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో పెద్ద ప్రమాదమే జరిగింది. ఒత్తిడి తగ్గించే వాల్వు తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూములోని దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం చూపిస్తున్నది వాల్వు స్థితిని కాదు, వాల్వుకు వెళ్లిన ఆజ్ఞను. మూసుకుపోయిందని సిబ్బంది నమ్మారు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు బయటికి పోయింది. రియాక్టర్ గుండెకాయలో కొంత భాగం కరిగిపోయింది.

అంకె నిజమే... చోటే తప్పు

విశాఖ మరచిపోలేని తెల్లవారుజాము 2020 మే 7. గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్.వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా ఎల్.జి.పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్లోకి పాకింది. 12 మంది ప్రాణాలు పోయాయి. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. లాక్‌డౌన్ వల్ల అప్పటికి నెలకు పైగా ఫ్యాక్టరీ ఉత్పత్తి ఆగి ఉంది. స్టైరీన్ ఊరికే నిలవ ఉంచినా దానంతటదే గట్టిపడుతూ వేడి పుట్టించే ద్రవం. చల్లగా ఉంచాలి, కలుపుతూ ఉండాలి, ఆ చర్యను అడ్డుకునే మందు వేస్తూ ఉండాలి.

నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలో రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి ఈ వ్యాసంలోని విషయానికి నేరుగా తగులుతుంది. ట్యాంకులో వేడిని కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. ద్రవం సరిగా కలవక పైపొరలు వేడెక్కిపోతుంటే అడుగున సెన్సర్ మాత్రం చల్లగా ఉన్న ద్రవాన్నే కొలుస్తూ వచ్చింది. కంప్యూటర్ ఆ అంకెనే చూపింది. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. ప్రోగ్రాం లెక్క తప్పలేదు. కానీ మంట ఉన్న చోట కన్ను లేదు. గేటును ప్రోగ్రాం ఎన్నడూ చూడలేదని పైన చెప్పుకున్నది ఇందుకే. తనకు అందిన అంకెకు బయట ఉన్నదేదీ దాని లెక్కలో ఉండదు.

కమిటీ మరో సంగతీ చెప్పింది. ఫ్యాక్టరీలో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటుంది. ఆ రాత్రి అది మోగలేదు. అన్ని మీటలు ఉండి కూడా వెంకటాపురం జనాన్ని నిద్రలేపిన సైరన్ ఒక్కటీ లేదు. పరికరం, ప్రోగ్రాం, మనిషి. ఈ మూడింటిలో మూడోది కదలకపోతే మొదటి రెండూ అలంకారమే.

ఒక్క సెన్సర్‌ను నమ్ముకోవడం ఎంత ప్రమాదమో విమానాల్లోనూ తేలింది. బోయింగ్ 737 మ్యాక్స్ ముక్కును కిందికి వంచే ప్రోగ్రాం రెండు సెన్సర్లుండగా ఒక్కదాని మాటే వినేలా రాశారు. 2018 అక్టోబరు 29న ఇండోనేసియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో ఆ ఒక్కటీ తప్పు చెప్పింది. రెండు విమానాలు కూలి 346 మంది చనిపోయారు. అందుకే ప్రాణాలతో ముడిపడ్డ చోట మూడు సెన్సర్లు పెట్టి, ఇద్దరు ఒప్పుకున్న మాటే తీసుకునే పద్ధతి ఉంది. పంచాయతీలో తీర్పులాంటిదన్నమాట. అదీ కాక, రోజూ యంత్రాన్ని నడిపే పీఎల్‌సీకే ప్రమాదం ఆపే పని అప్పగించకుండా దానికి వేరే పెట్టె, వేరే తీగలు, వేరే వాల్వులు పెడతారు.

కరెంటు పోయిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. స్తంభాలు కూలాయి, టవర్లు ఒరిగాయి. నగరమంతా చీకటి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచేయలేదు. ఉక్కు కర్మాగారంలోనూ ఉత్పత్తి నిలిచిపోయింది. ఆ రోజు ఎవరి ఫోన్‌లోనూ సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. దానికి ఊపిరి పోసే హార్డ్‌వేరే నేలకొరిగింది.

కరెంటు పోతే ఏమవ్వాలన్నది యంత్రం తయారుచేసేనాడే నిర్ణయించాలి. గ్యాస్ వాల్వు లోపల స్ప్రింగు పెడతారు. కరెంటో, గాలి ఒత్తిడో ఉన్నంతసేపే అది తెరిచి ఉంటుంది. ఆగిపోతే స్ప్రింగు తోసి మూసేస్తుంది. చల్లబరిచే నీటి వాల్వుకు ఇదే తిరగేసి పెడతారు. ఏదీ లేకపోతే అది తెరుచుకోవాలి. ఫర్నేసుల దగ్గర ఎత్తయిన ట్యాంకుల్లో అత్యవసర నీరు నిలవ ఉంచే పద్ధతి ఉంది. పంపులు ఆగినా ఆ నీరు కిందికి పారుతుంది. కరెంటు పోయినా భూమ్యాకర్షణ పోదు కదా. ఏ ప్రోగ్రామూ లేకుండా పనిచేసే హార్డ్‌వేర్ అది.

కంటైనరు మీద ఆఖరి అంకె

ప్రతి కంటైనరు తలుపు మీద నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, గడిలో విడిగా ఇంకో అంకె ఉంటాయి. ఆ ఆఖరిది కాపలా అంకె. సీఎస్‌క్యూయూ 305438 అనే నంబరు తీసుకుందాం. అక్షరాలకు 13, 30, 28, 32 అని విలువలున్నాయి. మొదటిదాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, ఇలా రెట్టింపు చేస్తూ పదో దాన్ని 512తో గుణించి అన్నీ కలిపితే 6185 వస్తుంది. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. కాపలా అంకె అదే. ఎవరైనా పొరపాటున 305348 అని కొడితే మొత్తం 6313 అవుతుంది, శేషం 10. పది వస్తే 0గా తీసుకుంటారు. తలుపు మీద 3 ఉంది, లెక్క 0 అంటోంది. తప్పు అక్కడికక్కడే పట్టుబడుతుంది. తలుపు మీద రంగుతో రాసిన ఒక్క అంకె, నాలుగు వరసల ప్రోగ్రాం కలిసి పెట్టె దారి తప్పకుండా చూస్తాయి.

ఎవరు చూస్తున్నారు?

ప్రోగ్రాం పాతబడినా అరిగిపోదు. సెన్సర్ అరుగుతుంది. థర్మోకపుల్ ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా తేడా చూపడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పుగాలికి విశాఖలో స్విచ్‌ల కాళ్లు తుప్పుపడతాయి. తెర మీది అంకె మాత్రం ఎప్పటిలా మెరుస్తూనే ఉంటుంది. దాన్ని నిజంగా నిలబెట్టేది పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లెక్కి వెళ్లి, సెన్సర్ విప్పి, సరైన కొలతతో పోల్చి, తేడా రిజిస్టరులో రాసే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు చాలా చోట్ల మొదట వాయిదా పడేది ఆ పనే.

తెర మీద ఏ అంకె కనిపించినా అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఇది ఎక్కడ కొలిచిన అంకె? కొలిచిన పరికరాన్ని ఆఖరుసారి ఎప్పుడు సరిచూశారు? ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగిన ఫ్యాక్టరీ పక్కన ఊరు నిశ్చింతగా నిద్రపోవచ్చు.